రెండు స్ట్రోకుల మోటారుకి ఇంటి నూనె

సంగానివారింట్లో ఎంత తెలివి ఉందో తెలియాలంటే వాళ్ళనే అడగాలి. కాకిలంకలో ఇంకెవర్ని అడిగినా నవ్వేసి ఊరుకునేవారు.

"మాట వినడంలోనే ఉందండి తెలివంతా," అనేవాడు ఇంటికి పెద్దవాడు లోవరాజు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. చెప్పనిది ఊహించుకునేవాడు వెర్రోడు."

ఒకసారి ఈదురుగాలి వీస్తుంటే వాళ్ళమ్మ ఆదెమ్మ మంచం మీంచి, "తలుపు దగ్గరగా వెయ్యరా," అంది. రెండోవాడు చక్రయ్య వెళ్ళి తలుపు ఊడబీకి, మోసుకొచ్చి, అమ్మ మంచం దగ్గరగా వేశాడు. "ఇంకా దగ్గరగా వెయ్యమంటావా అమ్మా?" అని కూడా అడిగాడు. ఆదెమ్మ వణుకుతూనే మురిసిపోయింది. ఇలాంటి కొడుకులు ఎందరికుంటారు!

తండ్రి పోతూ పోతూ, "తమ్ముళ్ళ బరువు నీదేరా లోవరాజూ," అని కన్నుమూశాడు. అప్పట్నించీ పండక్కోసారి తమ్ముళ్ళిద్దర్నీ వీపున ఎక్కించుకుని వీధి చివరిదాకా మోసేవాడు లోవరాజు. చక్రయ్య లావు పెరిగినా మానలేదు. తండ్రి మాట కదా.

ఇప్పుడు ఆఖరివాడు బుల్లియ్యకి పెళ్ళి కుదిరింది. కుదరడమే గొప్ప. అంతకుముందు ఓ సంబంధంలో పిల్ల మేనత్త, "పిల్లని చూసుకో నాయనా," అంటే, బుల్లియ్య పొద్దుగూకేదాకా రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాడు. పిల్ల ఏడుస్తూ లోపలికి పారిపోయింది. ఈసారి సంబంధం గోదారి ఏరు దాటి అవతలొడ్డున ఉన్న నత్తలపాలెంది. పిల్ల బంగారమ్మ. తల్లోంచి పూలు రాలినా తల ఎత్తని పిల్ల. తండ్రి పోలయ్య మాత్రం కచ్చితమైన మనిషి.

"ఎల్లుండి మిట్టమధ్యాహ్నం ముహూర్తం. దాటాక వచ్చారో, మీ పడవని అటునుంచి అటే తిప్పేస్తాను. ఇదివరకు ఒకళ్ళని తిప్పాను కూడా," అని ముందే చెప్పేశాడు.

లోవరాజుకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఈ సంబంధం తప్పితే తమ్ముడికి మరో పిల్ల దొరకదు. అయితే అదృష్టం చూడండి, ఆ వారమే వాళ్ళ వలలో పెద్ద కచిడి చేప పడింది. వేలకి వేలు పలికే కచిడి పడితే ఆ ఇంటికి పండగే. ఇంకేముంది, "తెడ్లు వేసుకుంటూ వెళ్తే పరువేముంటుంది? మోటారు పడవ మీద ఊరేగుతూ వెళ్దాం!" అని అన్నదమ్ములు ముగ్గురూ పట్నం పోయి మోటార్ల కొట్లో దూరారు.

కొట్టాయన గవర్రాజు పెళ్ళిళ్ళ రోజుల్లో బంధువులకి అన్నం వడ్డించేవాడిలా అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఓ చిన్న మోటారు చూపించి, "ఇది తీసుకోండి. టూ స్ట్రోకు మోటారు," అన్నాడు.

లోవరాజు గుండె గుభేలుమంది. వాళ్ళ తాతకి ఒక్క స్ట్రోకు వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయి మళ్ళీ మంచం దిగలేదు.

"పాపం, రెండొచ్చాయాండి దీనికి?" అన్నాడు మెల్లగా, మోటారుకి వినబడకుండా.

"రెండేనండి. నాలుగు స్ట్రోకులది కావాలంటే ఉంది. అది ఖరీదెక్కువ."

అన్నదమ్ములు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. జబ్బు ముదిరినకొద్దీ ఖరీదెక్కడమేమిటి? పట్నం వ్యాపారం అర్థంకాదు. "రెండొచ్చిందే ఇవ్వండి, మేం చూసుకుంటాం," అన్నాడు లోవరాజు జాలిగా.

గవర్రాజు దాన్ని గోనెలో చుడుతూ గబగబా చెప్పుకుపోయాడు. "దీనికంతా ఆయిల్లోనే ఉందండి. కారు ఆయిల్ పొయ్యకండి, పాడైపోద్ది. లారీ ఆయిల్ అసలే వద్దు. స్కూటర్లకి పోసేదీ వద్దు. పడవ మోటారుకి వేరే ఆయిల్. యాభై పాళ్ళు పెట్రోలైతే రెండు పాళ్ళు ఆయిల్. కొత్తదనం పోయాక ఒక పాలు చాలు. ముందు వేరే డబ్బాలో కలిపి, బాగా ఊపి, అప్పుడు పొయ్యండి. మొదటి పది గంటలు మెల్లగా నడిపించండి, తర్వాత పరిగెత్తించినా పరవాలేదు. మొదట్లో కాస్త పొగొస్తుంది, వస్తే కంగారు పడకండి. అన్నట్టు, టూటీ తీసుకున్నారా?"

"ఆయ్, తీసుకున్నామండి," అన్నాడు చక్రయ్య. "ఎదురు కొట్లో. టూ టీ చెప్పి ముగ్గురం పంచుకున్నాం. అల్లం ఘాటుగా ఉందండి."

గవర్రాజుకి 'తీసుకున్నాం' అన్నంతవరకే వినబడింది. "అయితే సరే," అని ఇంకో బేరం వైపు తిరిగాడు. అంతే. టూటీ అనే ఆ ఆయిల్ డబ్బా కొట్లోనే ఉండిపోయింది. పేషెంటు కాకిలంక చేరింది.

మర్నాడు తెల్లవారగానే పెళ్ళివారిల్లంతా మోటారు చుట్టూ మూగింది. లోవరాజు జరిగిందంతా చెప్పాడు. ఆదెమ్మ మోటారు నెత్తి నిమిరి, "రెండుసార్లు వచ్చినా మొహంలో కళ తగ్గలేదు," అంది.

"ఇంతకీ ఏ నూనె పొయ్యాలి మావా?" అంది లోవరాజు పెళ్ళాం ధనకొండ.

"అక్కడే తెలివి కావాలి," అన్నాడు లోవరాజు. "కారు ఆయిల్ వద్దన్నాడు. లారీది వద్దన్నాడు. స్కూటరుదీ వద్దన్నాడు. అంటే బండ్ల నూనె వద్దన్నాడు. ఇక మిగిలిందేంటి?"

"ఇంటి నూనె!" అన్నారందరూ ఒక్కసారే.

అంతే. ధనకొండ వంటింట్లోకి పరిగెత్తి ఉన్న సీసాలన్నీ తెచ్చింది. పెద్ద తగాదా మొదలైంది.

"నువ్వుల నూనే మంచిది, ఒంట్లో వేడి పుట్టిస్తుంది," అంది ఆదెమ్మ.

"ఏటి మీదకెళ్ళేదానికి కొబ్బరి నూనత్తా, చలవ," అంది ధనకొండ.

"కడుపు శుభ్రం కావాలంటే ఆముదం," అన్నాడు చక్రయ్య.

"పెళ్ళి నాది, నా మాటెవరూ వినరా?" అన్నాడు బుల్లియ్య. "పక్షవాతం అంటే వాత తైలమే. తాతకి వాడింది ఇంకా సగం సీసా ఉంది."

లోవరాజు పెద్దరికంగా చెయ్యెత్తాడు. "ఎవరి మాటా తీసెయ్యక్కర్లేదు. తలకి కొబ్బరి నూనె. ఒంటికి నువ్వుల నూనె. కాళ్ళకి తైలం. లోపలికి ఆముదం."

ఇంకేముంది! మోటారుని పీట మీద కూర్చోబెట్టారు. ఆదెమ్మ దాని రెక్కలు ఒక్కొక్కటే సాగదీసి తైలం మర్దన చేసింది. ధనకొండ మాడుకి చమురు పెట్టి చరిచింది. నలుగుపిండితో రుద్దారు. మోటారు కొత్తకోడలిలా నిగనిగలాడింది. పట్టుకోబోతే జర్రున జారిపోయింది కూడా.

"ఇప్పుడు నడిపించాలి," అన్నాడు లోవరాజు. "మొదటి పది గంటలూ మెల్లగా నడిపించమన్నాడు. రోజుకి రెండుసార్లు పది గంటలు అవుతుంది. మొదటి పది గంటలంటే పొద్దుటిదే."

ఈ లెక్కకి చక్రయ్య నోరు తెరిచాడు. అన్నయ్య లేకపోతే ఈ ఇల్లేమయ్యేదో!

అంతే. అన్నదమ్ములు ముగ్గురూ మోటారుని చంకల కింద పట్టుకున్నట్టు పట్టుకుని, రేవు గట్టు మీద మెల్లగా నడిపించారు. "అడుగులో అడుగు వెయ్యి నాన్నా, తొందరేం లేదు," అంటూ ఆదెమ్మ ముందు వెనక్కి నడుస్తూ చప్పట్లు కొట్టింది. మేళం వాళ్ళు ఇదీ పెళ్ళి తంతేననుకుని సన్నాయి ఎత్తుకున్నారు. ఎండెక్కింది. చేతులు పడిపోయాయి. పిల్లల బడిలో పది గంటలు కొట్టారో లేదో, "ఇక పరిగెత్తించొచ్చు!" అని లోవరాజు కేకేశాడు. ముగ్గురూ మోటారుతో ఇసకలో పరుగో పరుగు. నూనె మోటారు చేతుల్లోంచి జారింది. దాని మీద బుల్లియ్య, బుల్లియ్య మీద చక్రయ్య. పెళ్ళికొడుకు పట్టుపంచె మీద నువ్వుల నూనె, దాని మీద ఇసక. దూరం నుంచి చూస్తే జంతికలా ఉన్నాడు.

"పరిగెత్తింది చాలు, కలపండి," అన్నాడు లోవరాజు.

పెట్రోలు ఓ బిందెలో పోశారు. అందులో ఆముదం పోశారు. "రెండు పాళ్ళు కూడా అన్నాడు," అన్నాడు చక్రయ్య.

"రెండు పాలంటే ఆవు పాలు, గేదె పాలు," అంది ధనకొండ తడుముకోకుండా. "కొత్తదనం పోయాక ఒక పాలు చాలన్నాడుగా. అప్పుడు గేదె పాలే పోద్దాం, చిక్కగా ఉంటాయి."

లోవరాజుకి పెళ్ళాం మీద గౌరవం పెరిగింది. చెంబుడు ఆవు పాలు, చెంబుడు గేదె పాలు బిందెలో పడ్డాయి.

"ఇప్పుడు బాగా ఊపాలి," అన్నాడు బుల్లియ్య. "ఏం ఊపాలి?"

లోవరాజు ఆలోచించాడు. "ఏం ఊపాలో చెప్పలేదు. చెప్పలేదంటే అన్నీ ఊపమని."

అంతే! తలలు ఊపారు. చేతులు ఊపారు. ఆదెమ్మని మంచమెక్కించి మంచంతో సహా ఊపారు. చివరికి పడవ దగ్గరికెళ్ళి, దాన్ని పట్టుకుని ఊపడం మొదలెట్టారు. మేళం వాళ్ళు అప్పటికే అందులో ఎక్కి కూర్చున్నారు. డోలు ఏట్లో పడింది. డోలు కోసం డోలాయన పడ్డాడు. అన్నీ ఊపారు గానీ బిందె మాత్రం ఎవరూ ఊపలేదు. వచ్చి చూస్తే అందులో తెల్లటి ముక్కలు తేలుతున్నాయి.

"అయ్యో, విరిగిపోయాయి!" అంది ధనకొండ.

"విరిగినా పాలు పాలే, పొయ్యి," అన్నాడు లోవరాజు.

మోటారు కడుపులోకి అదంతా పోసి, పడవ వెనక బిగించి తాడు లాగారు. కుయ్ లేదు, కయ్ లేదు. ముగ్గురూ వరసగా నడుములు పట్టుకుని లాగారు. తాడు తెగి ముగ్గురూ మేళం వాళ్ళ ఒళ్ళో పడ్డారు. తెగిన తాడు కట్టి మళ్ళీ లాగారు. మోటారు ఒక్కసారి 'గుడుక్' మని త్రేన్చి ఊరుకుంది.

సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. లోవరాజుకి చెమటలు పట్టాయి. అవతలొడ్డున పోలయ్య గట్టు మీద నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నట్టే అనిపించింది. బుల్లియ్య జంతికలాంటి పంచెతో గట్టున కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇసక చేతులతో తుడుచుకోవడం వల్ల కన్నీళ్ళు ఇంకా ఎక్కువొస్తున్నాయి.

"పడవలో తెడ్లు లేవా అన్నయ్యా?" అన్నాడు వాడు.

"మోటారు ఇంట్లో తెడ్లేంట్రా, అవమానం! నిన్ననే పొయ్యిలో పెట్టేశాం."

"పొగొస్తే కంగారు పడొద్దన్నాడు," అన్నాడు చక్రయ్య. "రాకపోతే?"

"రాకపోతే కంగారు పడమనేగా!" అన్నాడు లోవరాజు. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ చెప్పింది చెప్పినట్టు కంగారు పడ్డారు. ఆదెమ్మ గుండెలు బాదుకుంది. ఆ కంగారులో ధనకొండకి ఓ ఉపాయం తట్టింది. తలంటిన పసిపిల్లలకి ఏం చేస్తాం? సాంబ్రాణి వేస్తాం! పొగా వస్తుంది, పేషెంటుకి హాయిగానూ ఉంటుంది. నిప్పులు కణకణలాడే ధూపపు గిన్నె పట్టుకుని పెట్రోలు కారుతున్న మోటారు వైపు నడిచింది.

సరిగ్గా అప్పుడే ఏటి మీంచి ఓ మోటారు పడవ దూసుకొచ్చింది. అందులోంచి ఓ మనిషి గట్టు మీదకి దూకి, ధనకొండ చేతిలో గిన్నెని ఒక్క తన్ను తన్నాడు. అది ఏట్లో పడి సుయ్యిమంది. ఆ వచ్చింది పెళ్ళికూతురి మేనమామ కొండలు. పెళ్ళివారు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చాడు.

"కాలిపోదురు కదర్రా అందరూ! ఏంటిది? ఏం పోశారు ఇందులో?"

లోవరాజు అంతా వరసగా, వినయంగా చెప్పాడు. కొండలు తల పట్టుకుని పడవ అంచు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మోటారు కడుపంతా ఖాళీ చేశాడు. పెట్రోలుతో కడిగాడు. ప్లగ్గు ఊడదీసి తుడిచాడు. తన పడవలోంచి కొత్త ఆయిల్ డబ్బా, పెట్రోలు క్యాను తెచ్చి, వేరే డబ్బాలో కొలిచి పోసి, మూత బిగించి, ఆ డబ్బాని ఊపాడు.

"ఓహో! డబ్బానా ఊపడం!" అన్నాడు చక్రయ్య.

"స్ట్రోకంటే జబ్బు కాదయ్యా," అన్నాడు కొండలు పళ్ళ మధ్యనుంచి. "లోపలున్న పిస్టన్ ఒకసారి పైకెళ్తుంది, ఒకసారి కిందికొస్తుంది. అవి రెండు స్ట్రోకులు. ఆ ఆయిల్ పెట్రోలుతోపాటే లోపలికెళ్ళి దాన్ని అరగకుండా కాపాడుతుంది. తెలిసిందా?"

"పైకెళ్ళి కిందికి రాగలుగుతోందంటే, నయమైపోయిందన్నమాట," అన్నాడు లోవరాజు సంతోషంగా.

కొండలు తాడు లాగాడు. గుర్రుమని మోటారు మేలుకుంది. ఆదెమ్మ ఆనందంతో దానికి దిష్టి తీసింది.

"టైము లేదు! పక్కన ఇసక దిబ్బలున్నాయి. నేను ఎటెళ్తే అటు, నా వెనకే రండి!" అని కొండలు తన పడవలోకి దూకి కదిలిపోయాడు.

లోవరాజు చుక్కాని పట్టాడు. కొండలు కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. దారిలో ఓసారి కొండలు వెనక్కి తిరిగి ఉమ్మితే, వీళ్ళంతా వెనక్కి తిరిగి ఉమ్మారు. నత్తలపాలెం రేవు వచ్చింది. కొండలు పడవ ఆపి, కిందకి దూకి, "వచ్చేశారు, వచ్చేశారు!" అని అరుస్తూ గట్టెక్కి పందిరివైపు పరిగెత్తాడు.

"వెనకే రమ్మన్నాడు," అన్నాడు లోవరాజు, మోటారు ఇంకా పెంచి.

అంతే! పడవ బురద మీద జర్రున జారి, గట్టెక్కి, అరటి చెట్లు కట్టిన గుంజని విరగ్గొట్టి, సరాసరి పెళ్ళిపందిట్లో పీటల ముందు ఆగింది. సన్నాయి ఊదేవాడి చెంపల్లోని గాలి ఆ అదురుకి పెద్ద కూతలా బయటికొచ్చింది. పోలయ్య రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. పంతులుగారు మాత్రం నీడ చూసి, "ముహూర్తానికి సరిగ్గా వచ్చారు!" అన్నారు.

లోవరాజుకి కళ్ళు చెమర్చాయి. రేవులో దిగి నడిచి వచ్చుంటే ముహూర్తం దాటేది. మాట వినబట్టి కదా అందింది!

తాళి చేతికిచ్చి పంతులుగారు, "మూడు ముళ్ళు వెయ్యి నాయనా," అన్నారు. బుల్లియ్య పీటల మీంచి లేచి కంచె దగ్గరికి బయల్దేరాడు, తుమ్మ ముళ్ళు ఏరడానికి. కొండలు వెళ్ళి చెవి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. ఎలాగైతేనేం, పెళ్ళయింది. పప్పన్నాలు తిన్నారు. తెచ్చిన మేళం వాళ్ళు, "మేం రేపు నడిచి చుట్టూ తిరిగొస్తాం బాబూ," అని అక్కడే ఆగిపోయారు.

సాయంత్రం అప్పగింతలయ్యాయి. పోలయ్య కళ్ళు తుడుచుకుని లోవరాజుతో అన్నాడు: "మీ రేవులో లోతు తక్కువ. ఒడ్డు దగ్గరకొచ్చాక మోటారు ఆపి, పైకెత్తండి. లేకపోతే ఇసకలో గుచ్చుకుంటుంది." ఆపే ఎర్ర బొత్తాం ఎక్కడుందో కొండలు చూపించాడు. వాళ్ళని నమ్మలేక, మిగిలిన ఆయిల్ డబ్బా మేనకోడలి ఒళ్ళో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచుకో అమ్మా. పెట్రోలు పోసినప్పుడల్లా యాభైకి రెండు పాళ్ళు కొలిచి, బాగా ఊపి నువ్వే పొయ్యి. వీళ్ళ చేతికియ్యకు," అన్నాడు. బంగారమ్మ వంచిన తల ఎత్తకుండానే సరేనంది.

పడవ హాయిగా సాగింది. ఏటి మధ్యకొచ్చేసరికి ఆదెమ్మ కళ్ళు చికిలించి, "ఒడ్డు దగ్గరకొచ్చిందిరా," అంది.

అమ్మ మాట. లోవరాజు ఎర్ర బొత్తాం నొక్కాడు. మోటారు ఆగింది. ఇద్దరు తమ్ముళ్ళూ మరలు రెండూ విప్పారు. ముగ్గురూ కలిసి మోటారుని పడవలోంచి ఊడదీసి పైకెత్తారు.

"ఎంత పైకన్నాడు?"

"ఎంతో చెప్పలేదు. ఎత్తగలిగినంత!"

నెత్తి మీదకెత్తారు. మునివేళ్ళ మీద లేచి ఇంకా ఎత్తారు. పడవ ఊగడం మొదలెట్టింది. పోటు తగ్గి నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి, పడవా అటే పోతోంది. కొబ్బరికాయల పడవ మీద పోతున్న ఓ ముసలాయన ఇది చూసి హడలిపోయి, "బోల్తా పడతారర్రా! దించండి, దించెయ్యండి!" అని అరిచాడు.

"దించమంటున్నాడు," అన్నాడు చక్రయ్య. "ఎక్కడికి?"

"ఎక్కడ్నించి ఎత్తామో అక్కడికే," అన్నాడు లోవరాజు.

అంతే. జాగ్రత్తగా, మెల్లగా, పడవ వెనకాల నీళ్ళలోకి దించి, చేతులు దులుపుకున్నారు. గుభుక్కున మునిగింది మోటారు. నీళ్ళలోంచి బుడబుడమని బుడగలొచ్చాయి.

లోవరాజు పడవ అంచు మీంచి నీళ్ళలోకి వంగి చూశాడు. ఇంటికి పెద్దవాడు బెంబేలు పడకూడదు కదా. "నడుస్తోందర్రా, చూడండి," అన్నాడు. "బుడగలొస్తున్నాయి."

అప్పుడు బంగారమ్మ మొట్టమొదటిసారి తల ఎత్తింది. బుడగలవైపు చూసింది. ఒళ్ళో డబ్బావైపు చూసింది. మూత తీసింది. "ఆయిల్ లేకుండా ఎంతసేపు నడుస్తుంది బావగారూ, అరిగిపోదూ?" అంటూ డబ్బాలో ఉన్నదంతా ఆఖరి చుక్కదాకా గోదాట్లో వంచేసింది. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు పరుచుకుంది.

లోవరాజు గుండె నిండిపోయింది. ఎంత తెలివి! ఏరికోరి తమ ఇంటికి తగ్గ పిల్లే వచ్చింది. ఈలోగా కొబ్బరికాయల ముసలాయన తిట్టుకుంటూ వచ్చి, వాళ్ళ పడవకి తాడు కట్టి, సముద్రం వైపు పోకుండా కాకిలంక వైపు లాగడం మొదలెట్టాడు. బంగారమ్మ మాత్రం ఖాళీ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ళ మీద చెయ్యి పెట్టి బాగా ఊపి, దిగులుగా నిట్టూర్చింది.

"ఒక్క డబ్బా ఏ మూలకండి బావగారూ? యాభైకి రెండు పాళ్ళ చొప్పున గోదారంతటికీ కలపాలి. రేపు పెద్ద పడవ తీసుకుని పట్నం వెళ్ళండి."